ముంబై ఇంటర్వ్యూకి ముందు: భార్యాభర్తల వీసాపై అపోహలు – వాస్తవాలు

అమ్మాయికి అమెరికా పౌరుడితో పెళ్లయింది. అతను వేసిన ఐ-130 పిటిషన్‌కి ఆమోదం వచ్చింది, నేషనల్ వీసా సెంటర్ నుంచి ఇంటర్వ్యూ తేదీ కూడా వచ్చేసింది. ఇక సలహాలకు కొదవ ఉండదు. పిన్నిగారి తోడికోడలు ఒకటి చెబుతుంది, వీధి చివరి కన్సల్టెంట్ ఇంకొకటి చెబుతాడు. వాటిలో తరచుగా వినబడేవాటిని ఇక్కడ సరిచూద్దాం.

అపోహ: హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉంది కాబట్టి ఇంటర్వ్యూ ఇక్కడే.

వాస్తవం: నానక్‌రామ్‌గూడలోని ఆ కాన్సులేట్‌లో చూసేది చదువు, ఉద్యోగం, విజిటింగ్ వంటి తాత్కాలిక వీసాలు. భార్యాభర్తల ఇమిగ్రెంట్ వీసాలకు మన దేశంలో ప్రధాన కేంద్రం ముంబైలోని బాంద్రా కుర్లా కాంప్లెక్స్ కాన్సులేట్. తేదీ ఇచ్చేది నేషనల్ వీసా సెంటరే. ‘ముందు స్లాట్ ఇప్పిస్తాం’ అనే ఏజెంటుకు రూపాయి కూడా ఇవ్వకండి. వేలిముద్రల అపాయింట్‌మెంట్, వైద్య పరీక్ష ఇంటర్వ్యూకి ముందే పూర్తికావాలి కనుక ప్రయాణం ఆ లెక్కన పెట్టుకోవాలి.

అపోహ: పెళ్లి ఆల్బం ఎంత లావుగా ఉంటే వీసా అంత ఖాయం.

వాస్తవం: మూడు వందల తలంబ్రాల ఫొటోలు ఒక్కరోజు ముచ్చటే చెబుతాయి. ఆఫీసర్‌కి కావాల్సింది ఆ తర్వాతి కాపురం. అతను వచ్చి వెళ్లినట్టు పాస్‌పోర్టు ముద్రలు, విమాన టికెట్లు, డబ్బు పంపిన రసీదులు, మాట్లాడుకున్న ఆధారాలు అంతకన్నా బలమైనవి. సంబంధం ఎలా కుదిరింది, ఆయన ఏం పని చేస్తారు, చివరిసారి ఎప్పుడు కలిశారు లాంటివే సాధారణంగా అడుగుతారు. పెద్దలు కుదిర్చిన పెళ్లి అయితే అదే చెప్పాలి. ప్రేమకథ అల్లాల్సిన పని లేదు.

అపోహ: అన్నవరంలో పెళ్లి చేశాం, దేవస్థానం రసీదు ఉంది. బర్త్ సర్టిఫికెట్‌కి బదులు టెన్త్ మెమో ఉంది. చాలు.

వాస్తవం: చాలవు. రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు రుజువులు, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి.

అసలు చిక్కు బర్త్ సర్టిఫికెట్‌తోనే. చాలామంది ఇళ్లలో పాత సర్టిఫికెట్ తీసి చూస్తే బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది. తల్లి పేరు దగ్గర ‘లక్ష్మి’, పాస్‌పోర్టులో ‘వెంకటలక్ష్మి’. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట ఒక్క అక్షరం. ఇంటర్వ్యూ తేదీ వచ్చాక పంచాయతీ, మున్సిపాలిటీ చుట్టూ తిరిగితే ఆలస్యమే. పిటిషన్ వేసిన రోజే కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి పేర్లు పోల్చి, తేడాలు దిద్దించుకోండి. జననమే నమోదు కాకపోతే పంచాయతీ లేదా మున్సిపల్ కార్యాలయం నుంచి నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, తల్లిదండ్రులు లేదా దగ్గరి బంధువుల అఫిడవిట్ తీసుకోవాలి. టెన్త్ మెమో వీటికి తోడుగా పనికొస్తుంది.

అపోహ: మన స్టేషన్ ఎస్సై సంతకం చేసిస్తే పోలీస్ క్లియరెన్స్ అయిపోయినట్టే.

వాస్తవం: పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో దరఖాస్తు చేసి, పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్ తీసుకోవాలి. 16 ఏళ్లు నిండాక దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఏడాదికి మించి ఉన్నవారు అక్కడి సర్టిఫికెట్ కూడా తేవాలి.

అపోహ: మన ఫ్యామిలీ డాక్టర్ రిపోర్టు సరిపోతుంది.

వాస్తవం: అమెరికా ప్రభుత్వం గుర్తించిన ప్యానెల్ డాక్టర్లే పరీక్షించాలి. సీలు వేసిన కవరు చేతికిస్తే తెరవొద్దు. పాత టీకా రికార్డులు దొరికితే వెంట తీసుకెళ్లండి.

అపోహ: అల్లుడు పక్కన లేకపోతే, ఇంగ్లిష్ రాకపోతే వీసా రాదు.

వాస్తవం: అతను రావడం తప్పనిసరి కాదు. ఈ వీసాకి ఇంగ్లిష్ పరీక్ష కూడా లేదు. బ్రిటన్ భార్యాభర్తల వీసాకి ఉన్న నిబంధనను చాలామంది అమెరికాకి అంటగడుతున్నారు.

అపోహ: అతని జీతం తక్కువైతే ఇక ఆశ వదులుకోవాల్సిందే.

వాస్తవం: సాధారణంగా కుటుంబ పరిమాణాన్ని బట్టి అమెరికా పేదరిక ప్రమాణానికి 125 శాతం ఆదాయం చూపాలి. చాలకపోతే అమెరికాలోనే ఉంటున్న మరో పౌరుడు లేదా గ్రీన్‌కార్డుదారు జాయింట్ స్పాన్సర్‌గా ఐ-864 అనే ఆర్థిక పూచీ పత్రం మీద సంతకం చేయవచ్చు. ఇది మొహమాటానికి చేసే సంతకం కాదు, చట్టబద్ధమైన పూచీ. విడాకులైనా ఆ బాధ్యత దానంతట అది పోదు.

అపోహ: 221(జి) కాగితం ఇచ్చారంటే వీసా పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు దాని అర్థం ఇంకో పత్రం కావాలనో, పరిశీలన మిగిలి ఉందనో. అడిగినవి ఏడాదిలోగా ఇవ్వాలి. గడువు దాటితే దరఖాస్తు రద్దవుతుంది, ఫీజు మళ్లీ కట్టాలి.

చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి బయల్దేరడం మన నమ్మకం, దాన్ని ఎవరూ కాదనరు. కానీ పాత పెళ్లిని దాచమనో, దొంగ సర్టిఫికెట్ పెట్టమనో ఎవరైనా చెబితే మాత్రం వినొద్దు. అబద్ధం బయటపడితే అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. వీసా ముద్రతో పాస్‌పోర్టు చేతికి వచ్చేదాకా ఉద్యోగానికి రాజీనామా చేయకండి, టికెట్ కొనకండి. ఫీజులు, నిబంధనలు మారుతుంటాయి కనుక బయల్దేరే ముందు స్టేట్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.