పిల్లది మూలా నక్షత్రం అయితే మామగారికి గండమా?

టాపిక్ నక్షత్ర దోషం. మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు సంబంధం మాట్లాడేటప్పుడు చదువు, ఉద్యోగంతో పాటు ఒకటి కచ్చితంగా అడుగుతారు: "పిల్లది ఏ నక్షత్రం?" మూల అంటే చాలు, మళ్ళీ ఫోన్ రాదు.

అసలు ఏమంటారంటే, అమ్మాయిది మూల అయితే మామగారికి, ఆశ్లేష అయితే అత్తగారికి, జ్యేష్ఠ అయితే బావగారికి, విశాఖ అయితే మరిదికి కీడు. గమనించారా? లిస్టు మొత్తం కోడలి మీదే.

ఇప్పుడు లెక్క చూద్దాం. చంద్రుడు తిరిగే దారి 360 డిగ్రీలు. దాన్ని 27 ముక్కలు చేస్తే ఒక్కోటి 13 డిగ్రీల 20 నిమిషాలు. మీరు పుట్టినప్పుడు చంద్రుడు ఏ ముక్కలో ఉంటే అదే మీ జన్మ నక్షత్రం. ఒక్కోటి దాటడానికి చంద్రుడికి దాదాపు ఒక రోజు. ఒక్కో ముక్కకి 4 పాదాలు, అంటే పాదానికి సుమారు 6 గంటలు.

మరి మూల అంటే ఎందుకు భయం? రాశికి 30 డిగ్రీలు కదా. రాశి, నక్షత్రం రెండూ ఒకేచోట అయిపోయేది మూడే మూడు చోట్ల: రేవతి–అశ్విని, ఆశ్లేష–మఖ, జ్యేష్ఠ–మూల. ఆ అతుకుల్నే గండాంతం అంటారు. శాస్త్రం కూడా మూల అంతటినీ ఒకే గాటన కట్టలేదు. నాలుగో పాదం మంచిదనే చెప్తుంది. ఇంకో విషయం, సరస్వతీదేవి జన్మ నక్షత్రం మూలే అంటారు. అందుకే దసరాల్లో ఆ రోజు బెజవాడ ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మని సరస్వతిగా అలంకరిస్తారు. గుడిలో దండం పెట్టిన నక్షత్రాన్నే ఇంటికొచ్చి వద్దంటున్నాం.

బయటి దేశాల్లో ఈ భయం ఇంకో నక్షత్రం మీద ఉంది. దాని పేరు ఆల్గాల్. అరబ్బీలో ఆ పేరుకి దెయ్యం తల అని అర్థం. దాదాపు 2 రోజుల 21 గంటలకోసారి వెలుగు తగ్గుతుంది. 1783లో గుడ్రిక్ అనే కుర్రాడు, దాని ముందు ఏదో అడ్డొస్తోందేమో అన్నాడు. నిజమే, అవి ఒకదాన్నొకటి మూసే జంట నక్షత్రాలు. మన లెక్కలో ఆల్గాల్ పడేది కృత్తికలో. మన భయాల లిస్టులో కృత్తిక లేనే లేదు! అంటే భయం ఆకాశంలో లేదు, ఊరిని బట్టి మారుతోంది.

ఇక మీ ఫోన్‌లో ఉన్న జాతకం యాప్ సంగతి. అది చంద్రుడి స్థానం లెక్కగట్టి, అందులోంచి అయనాంశ తీసేస్తుంది. లాహిరి అయనాంశ ఇప్పుడు 24 డిగ్రీల చిల్లర. రామన్ అయనాంశ దానికన్నా డిగ్రీన్నర దాకా తక్కువ. ఆ తేడా చంద్రుడి నడకలో రెండున్నర గంటల పైమాటే. కాబట్టి అతుకు దగ్గర పుట్టిన అమ్మాయి లాహిరి సెట్టింగ్‌లో జ్యేష్ఠ, రామన్ సెట్టింగ్‌లో మూల. ఒక్క డ్రాప్‌డౌన్ మారిస్తే గండం బావగారి దగ్గర్నుంచి మామగారికి ట్రాన్స్‌ఫర్! పుట్టిన టైం అందాజాగా రాసుంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు పాయింట్. 27లో 4 నక్షత్రాలు తీసేశారనుకోండి, సుమారు ప్రతి ఏడుగురు అమ్మాయిల్లో ఒకరు ఆ ఫిల్టర్‌లోనే పోతారు. ఆ అమ్మాయి ఎలాంటిదో ఎవరూ చూడరు. పెళ్ళయ్యాక ఎప్పుడో మామగారు పోతే "చూశావా, మూల" అంటారు. మిగతా 26 నక్షత్రాల కోడళ్ళ మామలు ఏమైనా చిరంజీవులా? ఆ లెక్క ఎవరూ తీయరు.

ఇంట్లో పెద్దవాళ్ళతో గొడవ పడమని చెప్పట్లేదు. మెల్లగా మూడు ప్రశ్నలు అడగండి: ఏ పాదం? ఏ అయనాంశ? పుట్టిన టైం ఎవరు రాశారు? నమ్మేవాళ్ళతో వాళ్ళ శాస్త్రంలోనే మాట్లాడొచ్చు. ఆ మాత్రం అడిగితే ఒక సంబంధం నిలబడొచ్చు.

జులైలో రాత్రి తొమ్మిదింటప్పుడు మేడ ఎక్కి దక్షిణం వైపు చూడండి. ఎర్రగా కనిపించేది జ్యేష్ఠ. కింద తేలు కొండిలా వంపు తిరిగిన చోటే మూల. చాలా అందంగా ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.