ఊరి పేరు... మేకపోతయింది!

సీసా మీద మేకపోతు బొమ్మ. దాని వెనక ఆరువందల ఏళ్ల చరిత్ర. జర్మనీ వాళ్ల ‘బాక్’ బీరు కథ ఇది.

బవేరియాలోని అయింగర్ బ్రూవరీ ‘సెలబ్రేటర్’ పేరుతో ఒక నల్లటి బీరు చేస్తుంది. ఆ సీసా కొంటే దాని మెడలో దారానికి కట్టిన చిన్న తెల్లటి ప్లాస్టిక్ మేకపోతు కూడా వస్తుంది. అదొక్కటే కాదు, జర్మనీలో ‘బాక్’ రకం బీర్లు ఏవి తీసుకున్నా చాలావాటి లేబుళ్ల మీద కొమ్ములు తిరిగిన మేకపోతు కనిపిస్తుంది. జర్మన్ భాషలో ‘బాక్’ అంటే మేకపోతనే అర్థం. ఎందుకా బొమ్మ అని అడిగితే, ‘రెండు గ్లాసులు పడ్డాక తెలుస్తుందిలే, అది ఎలా కుమ్ముతుందో’ అని నవ్వేస్తారు.

కానీ అసలు సంగతి వేరు. ఆ బీరుకీ మేకకీ ఏ సంబంధమూ లేదు. అది ఒక ఊరి పేరు. హాస్పిటల్ మన నోట్లో పడి ఆస్పత్రి అయినట్టు, ఆ ఊరి పేరు పరాయివాళ్ల నోట్లో నలిగి నలిగి మేకపోతయి కూర్చుంది!

ఊరంతటికీ ఒకటే కాగు

ఆ ఊరు ఐన్‌బెక్. ఉత్తర జర్మనీలో, ఇప్పటి లోయర్ సాక్సనీ రాష్ట్రంలో ఉంది. మధ్యయుగాల్లో బాల్టిక్, ఉత్తర సముద్ర తీరాల వ్యాపారాన్ని శాసించిన హాన్సా వర్తక కూటమిలో ఐన్‌బెక్ కూడా ఒక సభ్యురాలు. ఆ ఊరి సరుకు బీరు. సెల్లె అనే ఊరికి రెండు పీపాల బీరు అమ్మినట్టు 1378 నాటి రసీదు ఒకటి ఇప్పటికీ ఉంది.

అక్కడ బీరు కాచిన తీరు వింటే ముచ్చటేస్తుంది. ఫ్యాక్టరీ లేదు, యజమానీ లేడు. కాచే హక్కు పట్టణ పౌరులది. ఎవరింట్లో వాళ్లే బార్లీ, గోధుమ నానబెట్టి మొలకెత్తించి, గాలి బాగా ఆడే అటకల మీద ఆరబెట్టుకునేవారు. కాచే పెద్ద కాగు మాత్రం పట్టణానిది. పట్టణం జీతమిచ్చే నిపుణుడు ఆ కాగుతో సహా ఇంటింటికీ వచ్చేవాడు. ఇవాళ ఒక ఇంట్లో, తర్వాత ఇంకో ఇంట్లో. అంత కాగు లోపలికి రావాలంటే మామూలు గుమ్మం చాలదుగా! అందుకే ఆ ఇళ్లకు ఎత్తయిన కమాను ద్వారాలు పెట్టుకున్నారు. ఐన్‌బెక్ పాతబస్తీలో అవి ఇప్పటికీ కనిపిస్తాయి.

కాచడం అంతా చలికాలం నుంచి వసంతం దాకానే. మాల్టులో మూడింట రెండొంతులు బార్లీ, ఒక వంతు గోధుమ. దూరాలకు బండ్ల మీద వెళ్లాలి కాబట్టి చెడిపోకుండా చిక్కగా, ఘాటుగా, హాప్స్ పువ్వులు దండిగా వేసి కాచేవారు. ఘాటుకు మొదటి కారణం మత్తు కాదు, ప్రయాణం. హాంబర్గ్‌లో ఈ బీరు అమ్మే భవనానికి ‘ఐన్‌బెక్ ఇల్లు’ అనే పేరే పడిపోయింది. మత సంస్కర్త మార్టిన్ లూథర్ 1521లో వర్మ్స్ నగరంలో చక్రవర్తి ఎదుట విచారణకు నిలబడ్డప్పుడు, ఒక ప్రభువు ఆయనకు ఐన్‌బెక్ బీరు పంపి సేద తీర్చాడని చెబుతారు.

ఇంత వైభవం ఉన్న ఊరిని నిప్పు మింగేసింది. 1540లో ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. మళ్లీ కట్టుకున్నారు. 1549లో మళ్లీ అంటుకుంది. ఆ తర్వాతి శతాబ్దంలో ముప్ఫై ఏళ్ల యుద్ధం వచ్చిపడింది. వ్యాపారం చితికింది. పేరు మాత్రం అప్పటికే దక్షిణానికి బయల్దేరింది.

కాచేవాణ్నే తెచ్చుకున్నారు

దక్షిణాన నాలుగువందల కిలోమీటర్లకు పైగా దూరంలో మ్యూనిక్ ఉంది. బవేరియా ప్రభువులకు తమ ఊరి బీరు రుచించేది కాదు. అంత దూరం నుంచి ఐన్‌బెక్ పీపాలు తెప్పించుకుని తాగేవారు. ఖజానాకు చిల్లు పడుతుండటంతో అయిదో విల్‌హెల్మ్ ప్రభువు 1589లో ఆస్థానానికి సొంత బ్రూవరీ పెట్టించాడు. పర్యటకులు బారులు తీరే ‘హాఫ్‌బ్రాయ్‌హౌస్’ పుట్టుక అదే. అయినా ఐన్‌బెక్ రుచి మీద మోజు తీరలేదు. చివరికి ఆయన కొడుకు మాక్సిమిలియన్ తెలివైన పని చేశాడు. సరుకు బదులు మనిషినే రప్పించాడు. ఐన్‌బెక్ నుంచి వచ్చిన ఎలియాస్ పిక్లర్ 1614లో మ్యూనిక్‌లోనే ఆ తరహా బీరు కాచాడు.

బవేరియా యాసలో ఐన్‌బెక్ ‘ఐన్‌పాక్’ అయింది. అది కాస్తా ‘ఐన్ బాక్’ అయింది. జర్మన్‌లో ఆ మాటకు ‘ఒక మేకపోతు’ అని అర్థం. ఇక బొమ్మ గీయడమే తరువాయి!

పేరుతో పాటు సరుకూ మారింది. 1516 నాటి బవేరియా చట్టం ప్రకారం బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ పడకూడదు. కాబట్టి గోధుమ పోయింది. చల్లటి నేలమాళిగల్లో, తొట్టి అడుగున పనిచేసే ఈస్టుతో మెల్లగా పులియబెట్టడం అక్కడి అలవాటు. మాల్టు కూడా బాగా వేడి తగిలి ఎరుపెక్కిందే వాడేవారు. ఇప్పుడు లోకం ‘సంప్రదాయ బాక్’ అని పిలుస్తున్న గోధుమరంగు బీరు ఉత్తరాది పేరూ, దక్షిణాది చేయీ కలిసి పుట్టిన బిడ్డ.

ఉపవాసంలో తాగే ‘రొట్టె’

ఈ కథలో ఇంకో మలుపు సన్యాసులది. ఇటలీలో పుట్టిన పౌలా ఫ్రాన్సిస్ సంప్రదాయానికి చెందిన సన్యాసులు పదిహేడో శతాబ్దంలో మ్యూనిక్ శివారులో మఠం పెట్టుకున్నారు. వాళ్ల నియమం మహా కఠినం. మాంసం, గుడ్లు, పాలు... జీవితాంతం ఏవీ ముట్టకూడదు. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాస కాలమైతే మరీ కష్టం. కానీ ఒక వెసులుబాటు ఉంది. ద్రవ పదార్థం ఉపవాసానికి భంగం కాదు. మన దగ్గర ఏకాదశి ఉపవాసంలో పాలు తాగడానికి అడ్డులేనట్టే అన్నమాట.

దాంతో వాళ్లు మాల్టు ఇంకా ఎక్కువ పోసి, బాక్ కన్నా చిక్కటి బీరు కాచారు. దాన్నే ‘డబుల్ బాక్’ అంటారు. సన్యాసుల దృష్టిలో అది మత్తు పానీయం కన్నా గ్లాసులో పోసిన రొట్టె. తమ మూలపురుషుడి పండుగకు కాచేది కాబట్టి ‘పవిత్ర పిత బీరు’ అనేవారు. అది జనం నోట్లో ‘సాల్వటర్’ అయింది. లాటిన్‌లో ఆ మాటకు రక్షకుడని అర్థం. ఇక్కడా పేరు జారింది చూశారా! బర్నబాస్ అనే సన్యాసి పద్దెనిమిదో శతాబ్దం చివర్లో దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చాడు. 1799లో మఠం మూతపడ్డా, ఆ తర్వాత జాకెర్ల్ అనే వ్యాపారి కాచడం ఆపలేదు. అదే నేటి పౌలానర్ బ్రూవరీ.

పేరు గిరాకీ చూసి ఊళ్లోవాళ్లంతా తమ బీరునూ సాల్వటర్ అనే అమ్మడం మొదలెట్టారు. 1896లో పౌలానర్ ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకుంది. మిగతావాళ్లు ఏం చేశారు? తోక మాత్రం ఉంచుకున్నారు! ఆప్టిమేటర్, మాక్సిమేటర్, ట్రయంఫేటర్, అనిమేటర్, సెలబ్రేటర్... చివర ‘ఏటర్’ కనిపిస్తే అది డబుల్ బాక్ అని ఇట్టే చెప్పొచ్చు.

ఉపవాసపు బీరు పండగ బీరయి చాలా కాలమైంది. ఏటా ఆ రోజుల్లోనే మ్యూనిక్ నాకర్‌బెర్గ్ గుట్ట మీద స్ట్రాంగ్ బీరు ఉత్సవం జరుగుతుంది. వేదిక మీద నుంచి రాజకీయ నాయకులను పేరుపేరునా ఏకేస్తారు. ఆ నాయకులు ముందు వరసలో కూర్చుని నవ్వాల్సిందే, టీవీలో రాష్ట్రమంతా చూస్తుంటుంది మరి. మన నేతలు ఒక్కసారి అక్కడ కూర్చుంటే బాగుండు!

2011లో అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన ఒక పత్రికా సంపాదకుడు ఈ సన్యాసుల సంగతేమిటో తేల్చుకుందామనుకున్నాడు. వైద్యుల పర్యవేక్షణలో 46 రోజులు డబుల్ బాక్, నీళ్లు మాత్రమే తీసుకున్నాడు. బతికి బయటపడ్డాడు గానీ పాతిక పౌండ్ల బరువు తగ్గాడు. ఎవరూ అనుకరించాల్సిన పని కాదది.

స్ట్రాంగ్ అంటే ఏది?

మన దగ్గర ‘స్ట్రాంగ్’ బీరంటే కిక్కు. లేబుల్ మీద 8 శాతం దాకా ఆల్కహాల్. సాల్వటర్‌లోనూ ఉండేది 7.9 శాతమే. అంకె ఒకటే అయినా దారులు వేరు. మన స్ట్రాంగ్ బీర్లలో మాల్టుతో పాటు బియ్యం, చక్కెర లాంటివి కలపడం మామూలే. అవి పులిసి ఆల్కహాల్‌గా మారిపోతాయి తప్ప రుచిని మిగల్చవు. జర్మనీ చట్టం బాక్‌ను ఆల్కహాల్‌తో కాదు, గింజతో కొలుస్తుంది. పులియబెట్టక ముందు వంద గ్రాముల తీపి రసంలో గింజ నుంచి దిగిన సారం కనీసం 16 గ్రాములుంటేనే అది బాక్. 18 ఉంటే డబుల్ బాక్. మామూలు బీరులో ఇది 11, 12.

రాగిమాల్టు కాచుకునే ఇళ్లలో మాల్టు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. మొలకెత్తిన గింజను ఆరబెట్టి వేడి తగిలిస్తే వచ్చే కమ్మదనమే బాక్ ప్రాణం. పాత పద్ధతిలో ఇంకో మెట్టుంది. నానుతున్న మాల్టులోంచి కొంత భాగం తీసి, విడిగా మరిగించి, మళ్లీ అందులోనే కలుపుతారు. ఇలా రెండు మూడుసార్లు. పాలు కోవా అయ్యేటప్పుడు రంగు, వాసన ఎలా మారతాయో ఇక్కడా అదే జరుగుతుంది. తర్వాత చల్లగా పులియబెట్టి, సున్నా డిగ్రీలకు దగ్గర్లో వారాలు, నెలల తరబడి నిల్వ ఉంచుతారు. అప్పుడే ఆ చిక్కదనానికి నునుపు వస్తుంది.

వసంతంలో వచ్చే ‘మై బాక్’ లేత బంగారు రంగులో, కాస్త ఎక్కువ చేదుగా ఉంటుంది. గోధుమతో చేసేవీ ఉన్నాయి. 1907 నుంచి వస్తున్న ష్నైడర్ వాళ్ల ‘అవెంటినస్’ పేరున్నది. అన్నిటికన్నా ఘాటైంది ‘ఐస్ బాక్’. కుల్మ్‌బాక్ ఊళ్లో ఒక పనివాడు బద్ధకించి పీపాలను రాత్రంతా మంచులో వదిలేశాడట. తెల్లారేసరికి నీళ్లు గడ్డకట్టి, మధ్యలో చిక్కటి ద్రవం మిగిలింది. శిక్షగా తాగమంటే వాడు లొట్టలేసుకుంటూ తాగాడని చెబుతారు. కథ సంగతెలా ఉన్నా కిటుకు నిజమే. నీళ్లు ముందు గడ్డకడతాయి, ఆల్కహాల్ కట్టదు. ఆ ఊరి ఐస్ బాక్‌లో 9.2 శాతం ఉంటుంది.

వీటిని ఫ్రిజ్‌లోంచి తీసీ తీయగానే గటగటా తాగితే డబ్బు దండగ. మరీ చల్లదనానికి నాలుక మొద్దుబారుతుంది. పది డిగ్రీల దగ్గర చిన్న గ్లాసులో పోసుకుని ముందు వాసన చూడాలి. మాడని రొట్టె పైపొర, పాకం, ఎండు ఖర్జూరం గుర్తొస్తాయి. చేదు వెనకెక్కడో ఉంటుంది. ఆ తీపి మోసగత్తె. లీటరు మగ్గు సాల్వటర్‌లో 79 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. అంటే 5 శాతం బీరు లీటరున్నర పైమాటే. ఆ రోజు స్టీరింగ్ జోలికి వెళ్లకూడదు.

మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు ఊరి నుంచి వచ్చినవాళ్లను అక్టోబర్ ఫెస్ట్‌కు తీసుకెళ్తుంటారు. అక్కడ పోసేది ఆరు శాతం చిల్లర ఉండే వేరే బీరు. బాక్ సంగతి తెలియాలంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లాలి.

ఇక ఐన్‌బెక్... వందకు పైగా పాత కర్రచట్రాల ఇళ్లతో ఇప్పుడూ చూడముచ్చటగా ఉంటుంది. కాగు తిరగడం లేదు గానీ బ్రూవరీ ఉంది. పేరు దక్షిణాదికి పోయిందన్న ఉక్రోషమో ఏమో, వాళ్లు తమ బీరును ఉత్త బాక్ అనరు. సీసా మీద ‘ఉర్-బాక్’ అని వేస్తారు. అంటే అసలు సిసలు బాక్ అని.