మెగ్నీషియం చక్రాల రంగు.. ఏమరిస్తే నిప్పు

పాత రేసు కార్ల చక్రాలకు రంగు తొలగించి కొత్తగా వేయడం సాధారణ పెయింటింగ్ పని కాదు. వాటిలో అనేకం మెగ్నీషియంతో పోత పోసినవి. ‘మ్యాగ్ వీల్స్’ అనే పేరు వాటి నుంచే వచ్చింది. నేడు ఆ పేరుతో విక్రయిస్తున్న వాటిలో అత్యధికం అల్యూమినియంవే.

అందుకే ముందుగా లోహాన్ని గుర్తించాలి. కనిపించని చోట కొద్దిగా గీకి వెనిగర్ చుక్క వేస్తే మెగ్నీషియంపై బుడగలు లేస్తాయి. అల్యూమినియంపై ఆ మార్పు కనిపించదు. కాస్టిక్ సోడా అల్యూమినియంను తినేస్తుంది, మెగ్నీషియంకు హాని చేయదు. ఆమ్లాలు మాత్రం మెగ్నీషియంను వేగంగా కరిగిస్తాయి.

నిప్పుతోనే అసలు ముప్పు. గ్రైండరుతో రుద్దితే రాలే సన్నని పొడి నిప్పురవ్వకే అంటుకుంటుంది. దానిపై నీరు పోస్తే హైడ్రోజన్ వెలువడి మంట మరింత చెలరేగుతుంది. 1955లో ఫ్రాన్స్‌లోని లెమాన్స్ రేసులో 80 మందికి పైగా మరణించిన ప్రమాదంలో, మెగ్నీషియం మిశ్రమలోహంతో చేసిన కారు బాడీపై నీరు చల్లడంతో మంటలు ఉధృతమయ్యాయి. కాబట్టి రంగును రసాయనంతో మెత్తబరిచి చేతితోనే తీయాలి. పొడి ఇసుకను దగ్గర ఉంచుకోవాలి.

రంగు పోయాక పగుళ్లను వెలికితీసే ద్రవంతో పరీక్షించాలి. పగులు కనిపించిన చక్రాన్ని రోడ్డెక్కించరాదు. గాలి తేమకు లోహం త్వరగా తుప్పు పడుతుంది కనుక ఆలస్యం చేయకుండా రక్షణ పూత, ఎపాక్సీ ప్రైమర్, ఆపై రంగు వేయాలి. పూతకు వాడే క్రోమేట్ రసాయనాలు క్యాన్సర్ కారకాలు. చేతి తొడుగులు, మాస్కు లేకుండా వాటిని తాకరాదు.