బర్డ్ ఫ్లూ: బజారుకు చేరని రెండో నివేదిక

(మా వాణిజ్య విలేఖరి)

పాల్మాకుల: శంషాబాద్ దాటి బెంగుళూరు రహదారి మీద వచ్చే ఈ గ్రామంలోనూ, చుట్టుపక్కలా, బర్డ్ ఫ్లూ వార్త వచ్చినప్పుడల్లా చికెన్ దుకాణాల వద్ద ఒకటే ప్రశ్న వినవస్తుంది. "పాజిటివ్ అంటున్నరు గదా సార్, అది కోడికా, మనిషికా?" జవాబు వచ్చేలోగా బేరాలు పడిపోతాయి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాలలో కోళ్లు చనిపోయినప్పుడు తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల వద్ద ఆంధ్ర కోళ్ల లారీలను ఆపివేశారు. హైదరాబాద్‌లో చికెన్ గిరాకీ నీరసించి చేపల మీదకూ మటన్ మీదకూ మళ్లింది. రంగారెడ్డి జిల్లాకు ఈ దెబ్బ కొత్తది కాదు. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులోనూ, 2025 ఏప్రిల్‌లో అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనూ ఈ వ్యాధి బయటపడింది.

దుకాణదారు ప్రశ్న న్యాయమైనదే. నిజానికి వైరస్ గురించి రెండు నివేదికలు తయారవుతాయి. బజారుకు అందేది మొదటిది మాత్రమే.

మొదటిది భోపాల్‌లోని అతి భద్రతా పశువ్యాధుల ప్రయోగశాల నుంచి వస్తుంది. మంచుపెట్టెలో వెళ్లిన నమూనాలో హెచ్5ఎన్1 ఉన్నదా లేదా అన్నంత వరకే అది చెబుతుంది. ఉన్నదంటే ఒక కిలోమీటరు పరిధిలోని కోళ్లన్నిటినీ చంపి పూడ్చవలసిందే. పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంటుంది. చంపిన కోళ్లకు కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించి నష్టపరిహారం ఇస్తాయి. అంతకుముందే చచ్చిన వాటికి పైసా రాదు. పరిధికి అవతల ఉండి, రేటు పడిపోయినందువల్ల లేయర్ కోళ్లను తెగనమ్ముకున్న రైతు నష్టం ఏ పద్దులోనూ చేరదు. ఫారాలు ఖాళీ అయితే ఆ మేరకు మొక్కజొన్న, సోయా చెక్క కొనుగోళ్లు కూడా తగ్గుతాయి.

రెండో నివేదిక వైరస్ జన్యువుల చదువు. వాణిజ్య భాషలో చెప్పాలంటే, ఈ వైరస్ వద్ద ఎనిమిది విడి ఖాతా పుస్తకాలున్నాయి. అన్నీ కలిపితే సుమారు 13,500 అక్షరాలు. వైరస్ కణంలో చేరి ఈ పుస్తకాలకు వేలకొద్దీ నకళ్లు తీయిస్తుంది గాని, తప్పులు దిద్దే గుమాస్తాను పెట్టుకోదు. అందువల్ల ప్రతి నకలులోనూ పొరపాట్లు దొర్లుతుంటాయి. చాలావాటి వల్ల వచ్చేదీ పోయేదీ ఏమీ ఉండదు. కొన్ని స్థానాలలో దొర్లినవి మాత్రం ఖరీదైనవి.

వాటిలో ప్రసిద్ధమైనది పిబి2 అనే ప్రోటీన్‌లో 627వ స్థానం. పక్షుల వైరస్‌లో అక్కడ గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది. నకళ్లు తీయడానికి వైరస్ తాను చేరిన కణంలోని ఒక ప్రోటీన్ సాయం తీసుకుంటుంది. పక్షులలో ఆ ప్రోటీన్ కొంత పొడవు, క్షీరదాలలో పొట్టి. పొట్టిదానితో పక్షుల వైరస్‌కు పని సరిగా సాగదు. 627లో లైసిన్ వచ్చి చేరితే సాగుతుంది. 2024లో అమెరికాలోని టెక్సాస్‌లో పాడి ఆవుల నుంచి వ్యాధి సోకిన ఒక కార్మికుని వైరస్‌లో సరిగ్గా ఈ మార్పే కనిపించింది. ఆవుల వైరస్‌లో మాత్రం సమీపంలోని 631వ స్థానం మారింది. ఇది కాక, వైరస్ కణంలోకి దూరే తాళం సంగతి వేరే ఉన్నది. పక్షుల పేగులలోని తాళం ఒక తీరు, మన గొంతులోని తాళం మరో తీరు. తాళంచెవి కూడా మారినప్పుడే మనిషి నుంచి మనిషికి సులభంగా పాకే ప్రమాదం ఏర్పడుతుంది.

ఇక్కడొక చిక్కున్నది. క్షీరదం చనిపోయినంత మాత్రాన వైరస్ మారిందని తీర్మానించరాదు. 2024 డిసెంబరులో నాగపూర్‌లోని గోరేవాడ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత హెచ్5ఎన్1తో మరణించాయి. తర్వాత మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులు చనిపోయాయి. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. వ్యాధిని పూణేలోని వైరాలజీ సంస్థ నిర్ధారించింది. పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్లు తెలిసింది. ఆమె ద్వారా ఇతరులకు సోకినట్లు బయటపడలేదు. పచ్చి మాంసంతో పెద్ద మోతాదులో లోపలికి వెళితే, మారని వైరస్ కూడా ప్రాణం తీయగలదు. అది మారినదా కాదా అన్నది జన్యువులను చదివితే గాని తేలదు. బాగా ఉడికిన మాంసంలో, గుడ్డులో అది బతకదన్నది వేరే మాట.

ఛింద్వాడా పిల్లులలో దొరికినది 2.3.2.1ఎ అనే శాఖ. అమెరికా ఆవులలోనిది 2.3.4.4బి. కనుక అమెరికా వార్త చూసి ఇక్కడ ధర తగ్గించడం, ఒక ఊరి సరుకు పాడైతే మరో ఊరి సరుకును తిప్పి పంపడం వంటిదే. అట్లాగని నిశ్చింతగా ఉండే వీలూ లేదు. మన లేయర్ ఫారాలలో గుడ్ల దిగుబడిని దెబ్బతీసే హెచ్9ఎన్2 అనే తక్కువ తీవ్రత రకం దేశంలో ఎప్పటి నుంచో తిరుగుతున్నది. రెండు రకాలు ఒకే కోడిలో ఒకే కణంలో కలిస్తే ఎనిమిది పుస్తకాలూ తారుమారై 256 రకాల జతలకు అవకాశమున్నది. హెచ్9ఎన్2కు భోపాల్ సంస్థ రూపొందించిన టీకాను 2022లో కంపెనీలకు అప్పగించారు. గుడ్ల లెక్క కోసం వేయించే ఆ టీకాకు ఈ కోణంలోనూ విలువున్నదని ఈ విలేఖరి అభిప్రాయం.

రెండో నివేదిక రహస్యమేమీ కాదు. కాకపోతే అది నెలల తర్వాత శాస్త్ర పత్రికలలో, శాస్త్రజ్ఞుల భాషలో వెలువడుతుంది. అప్పటికి బజారులో పడవలసిన ధర పడి, లేవవలసిన ధర లేచి ఉంటుంది. మొదటి నివేదిక వెలువడిన వారం పది రోజులకైనా "627 మారలేదు, తాళంచెవి మారలేదు" అని రెండు వాక్యాల ప్రకటన పశుసంవర్ధక శాఖ నుంచి వస్తే చికెన్ దుకాణానికి జవాబు దొరికేది. మారితే ఆ మాట కూడా ముందు తెలియవలసింది ఫారంలో గుడ్లు ఏరే కూలీలకే.

ఈలోగా ఫారం యజమానులు చేయదగినది ఒకటున్నది. కోళ్లు చనిపోతే పశువైద్యునికి కబురు చేయడం అందరికీ తెలుసు. షెడ్ల చుట్టూ తిరిగే పిల్లులు వరుసగా చనిపోయినా అదే రోజు కబురు పంపాలి, కళేబరాలను చేతితో ముట్టుకోరాదు.