మన నెయ్యి డబ్బాపై ఏ బొమ్మ వేద్దాం?

సేకరించిన పాలలో అధిక భాగం యూనియన్‌కు పంపుతూనే, కొన్ని సంఘాలు మిగిలిన పాలతో నెయ్యి, మజ్జిగ, దూద్‌పేడా తయారుచేసి దగ్గరి పట్నంలో అమ్ముకొంటున్నాయి. సంతోషించదగిన విషయమే. ఆ సరుకుకు ఒక పేరు, పేరుతోపాటు చూడగానే గుర్తుపట్టే బొమ్మ ఒకటి కావాలని కార్యదర్శులు అడుగుతున్నారు. దీనినే వ్యాపారులు మస్కట్ అంటారు. ఫెడరేషన్ గుర్తును అనుమతి లేకుండా సంఘం సొంత సరుకుపై వేయరాదు గనుక ఎవరి బొమ్మ వారు చేయించుకోవలసిందే.

బొమ్మకున్న బలం మనకు కొత్త కాదు. 1951-52లో తొలి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు చదువురాని ఓటర్ల కోసమే గుర్తులు పెట్టారు. జోడెద్దులంటే కాంగ్రెసు అని పలకాబలపం పట్టనివారు సైతం చెప్పగలిగేవారు. డబ్బా మీది అక్షరం చదవలేని అవ్వ కూడా మనవడిని కొట్టుకు పంపుతూ "ఫలానా బొమ్మ ఉన్నదే తేరా" అంటుంది.

పాడి సహకార రంగంలో ఇందుకు పెద్ద ఉదాహరణ అమూల్ పాప. 1966లో సిల్వెస్టర్ డకున్హా నిర్వహిస్తున్న ప్రకటనల సంస్థలో యూస్టేస్ ఫెర్నాండెజ్ ఆ బొమ్మ గీశారు. చుక్కల గౌను, నీలి జుట్టు, పెద్ద కళ్లు. ఆ రోజుల్లో బొంబాయి వీధుల్లోని ప్రకటన బోర్డులకు చేత్తోనే రంగులు వేసేవారు. తరచు మార్చేవారు కూడా. అందువల్ల తేలికగా గీయగలిగేదిగా, ఒకసారి చూస్తే మరువరానిదిగా ఉండాలని కురియన్ గారు కోరారు. ఆ పాప ఆవు కాదు, పాలు పితికే మనిషీ కాదు. వెన్న తినే పిల్ల! ఇంకొక లెక్క కూడా చూడాలి. ఆనంద్‌లోని కైరా జిల్లా యూనియన్ రిజిస్టరైనది 1946లో. పాప పుట్టేనాటికి సభ్యులు 20 ఏళ్లుగా పాలు పోస్తున్నారు. బొమ్మ వేయగానే సరుకు కదులుతుందనుకొనే పాలకవర్గాలు ఈ 20 ఏళ్లను గుర్తుంచుకోవాలి.

ఇక మన బొమ్మ సంగతి. నాకు ఎక్కువగా కనిపించేది నలుపు తెలుపు మచ్చల విదేశీ ఆవు, దాని వెనుక పచ్చని కొండలు. తీరా చూస్తే ఆ సంఘానికి సభ్యులు పోసేది గేదె పాలు! ఆవు బొమ్మ వేసి గేదె నెయ్యి నింపితే అది అలంకారం కాదు, కొన్నవారిని తప్పుదారి పట్టించడం. లేబులు అటువంటిదిగా ఉండరాదని 2006 నాటి ఆహార భద్రతా చట్టం చెబుతున్నది. గేదె నల్లగా ఉంటుంది, చూడ బాగుండదని ఒక అధ్యక్షులవారు నాతో అన్నారు. నల్లని బొమ్మకు ఒక్క రంగు చాలు, అచ్చు ఖర్చు తక్కువ అన్నాను. పైగా ముర్రా గేదెకు చుట్టు తిరిగిన కొమ్ములున్నాయి. రెండు చుట్టలు, ఒక ముఖం, రెండు చెవులు గీస్తే బొమ్మ అయిపోతుంది. బడిపిల్లవాడు కూడా గీయగలడు.

దేవతల బొమ్మలు వద్దు. ఖాళీ కవరు చివరకు చేరేది మురుగుకాల్వకే. గాంధీజీ చిత్రం, జాతీయ పతాకం వంటివి వ్యాపారానికి వాడడాన్ని 1950 నాటి చట్టం నిషేధించింది.

పెయింటరు తెచ్చిన బొమ్మను వెంటనే ఒప్పుకోకండి. రూపాయి బిళ్లంత చేసి చూడండి. సంఘం రబ్బరు స్టాంపుగా చేయిస్తే గీతలు కలిసిపోతాయేమో చూడండి. గోడ మీద వేయించి రోడ్డు అవతల నుంచి చూడండి. ప్యాకెట్టు ఫిల్ముపై ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క ప్లేటు వేరుగా చేయించాలి. కనుక రెండు రంగులు దాటితే ఖర్చు ఎవరు భరిస్తారో ముందే తేల్చుకోవాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది హక్కు. నేను తనిఖీ చేసిన ఒక సంఘం పెయింటరుకు 3,000 రూపాయలిచ్చి చక్కని బొమ్మ గీయించింది. రెండేళ్లు తిరగకముందే అదే బొమ్మ పక్క పట్నంలో ఒక ప్రైవేటు డెయిరీ పెరుగు కప్పుపై ప్రత్యక్షమైంది. ఆ పెరుగు పులిసిపోతే జనం కప్పులు తెచ్చి మన సంఘం గుమ్మంలో పెట్టారు. ఫైలు తిరగేస్తే ఉన్నది ఒక్క వోచరు. సొమ్ము చెల్లించినంత మాత్రాన హక్కు మనదేనని ధీమాగా ఉండరాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంత కాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అని లెక్క. ఈ ఒక్క వాక్యం రాయించుకోని సంఘాలే ఎక్కువ. కంప్యూటరును అడిగి క్షణంలో తెచ్చుకొనే బొమ్మలతో చిక్కు మరీ ఎక్కువ. అటువంటిదే పక్క ఊరికీ దొరకవచ్చు.

ఆపైన ట్రేడ్ మార్కు. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి 29వ తరగతిలోకి వస్తాయి. మన ప్రాంతానికి చెన్నై కార్యాలయం. ఆన్‌లైన్ రుసుము తరగతికి 9,000 రూపాయలు, చిన్న సంస్థగా గుర్తింపు ఉంటే 4,500. నమోదు 10 ఏళ్లు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవాలి. దరఖాస్తు సంఘం పేరుననే ఉండాలి. కార్యదర్శి పేరున గాని, అధ్యక్షుని కుమారుని పేరున గాని ఉండరాదు. వారు మారిన నాడు బొమ్మ కూడా వారి వెంటే పోతుంది.

పని మొదలుపెట్టే ముందు పాలకవర్గం తీర్మానం చేసి, ఖర్చు పరిమితిని మినిట్స్ పుస్తకంలో రాయాలి. అసలు బొమ్మ, పెయింటరు సంతకం చేసిన బదిలీ పత్రం, దరఖాస్తు రసీదు మూడూ ఒకే ఫైలులో పెట్టి సంఘం బీరువాలో ఉంచాలి. తనిఖీకి వచ్చినప్పుడు ఆ ఫైలు అడుగుతాం.