క్లోమం పనిచేస్తోందా? ఎం.ఆర్.ఐ. ఎంతవరకు చెప్పగలదు?

"స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. మరి ఈ నొప్పి ఎందుకు పోవడం లేదు?" కడుపునొప్పితో నెలల తరబడి తిరిగిన కుటుంబాలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. అన్ని నొప్పులూ గ్యాస్ నొప్పులు కావు. పైకడుపులో మొదలై వీపులోకి పాకే నొప్పి, జిడ్డుగా ఉండి నీళ్ళపై తేలే మలం, తగ్గిపోతున్న బరువు - ఇవి కనిపిస్తే క్లోమగ్రంథిని, అంటే పాంక్రియాస్‌ను పరీక్షించాలి.

క్లోమం జీర్ణాశయం వెనుక ఉంటుంది. రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌ను, మనం తిన్న సంగటినీ చెనక్కాయ చట్నీనీ అరిగించే రసాన్నీ ఇదే తయారుచేస్తుంది. దక్షిణ భారతదేశంలో మద్యం ముట్టని యువకులకు కూడా దీర్ఘకాలిక క్లోమవ్యాధి వస్తుంది. ఇటువంటి రోగులలో స్పింక్1 అనే జన్యువులో మార్పులు ఉన్నట్లు 2002లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తెలియజేశారు. కనుక రోగిని "తాగుబోతు" అని నిందించకండి. అయితే మద్యం, పొగాకు ఈ వ్యాధిని మరింత పెంచుతాయి.

మామూలు ఎం.ఆర్.ఐ. క్లోమం ఆకారాన్ని, నాళాలను చూపుతుంది. పనితీరు తెలియాలంటే సెక్రెటిన్ అనే హార్మోనును నరానికి ఎక్కిస్తారు. దీనిని 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ కనుగొన్నారు. ఇంజక్షన్ తర్వాత క్లోమం రసం వదులుతుంది. సుమారు 10 నిమిషాలు వరుసగా చిత్రాలు తీస్తారు. రసం తెల్లగా మెరుస్తూ చిన్నప్రేగులోకి చేరడం కనిపిస్తుంది. రసం బాగా తక్కువగా వస్తే గ్రంథి బలహీనపడిందని, నాళం ఉబ్బి అలాగే ఉండిపోతే అడ్డు ఉండవచ్చని డాక్టర్లు గ్రహిస్తారు.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. ఇది రసంలోని నీటినే చూపుతుంది, ఎంజైములను కాదు. ఎంజైముల లోపాన్ని మలపరీక్షతో అంచనా వేస్తారు. క్లోమంలోని రాళ్ళు సి.టి. స్కానులో బాగా కనిపిస్తాయి. సెక్రెటిన్ అన్నిచోట్లా దొరకదు, అందరికీ అవసరం కూడా లేదు.

తిరుపతికో వేలూరుకో స్కానింగ్‌కు వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులన్నీ తీసుకువెళ్ళండి. ఎన్ని గంటలు పరగడుపున ఉండాలో ముందే అడగండి. చక్కెర మందు వాడేవారు ఆ సంగతి చెప్పాలి. పేస్‌మేకర్, శరీరంలో లోహపు ముక్కలు, గర్భం ఉంటే తప్పక తెలపండి. గొలుసులు, గాజులు, మెట్టెలు తీసివేయాలి. యంత్రం పెద్దగా శబ్దం చేస్తుంది గానీ ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు.

ఎంజైములు తక్కువైతే భోజనంతోపాటు వేసుకునే క్యాప్సూల్సు ఉన్నాయి. బరువు మళ్ళీ పెరగవచ్చు. నొప్పిని దాచుకోకండి, త్వరగా చూపించుకోండి.