కోళ్లగూటి పెంటను పెరటియందు మాగవేయుట

కోళ్లగూటి ఊకతో కలిసిన పెంటను పెరటిలో నట్లే పోగువేసి విడుచుట ఈగలకు పుట్టినిల్లు కల్పించుటయే. వేసవియందు ఈగ గ్రుడ్డు పది దినములలోపల రెక్కలు దాల్చును. పచ్చిపెంటను ఆకుకూరల మళ్లకు జల్లినచో అతిసారము కలిగించు సూక్ష్మజీవులు కూరల కంటుకొనవచ్చును.

వీనిని చంపునది వేడిమి. పెంటయందు నత్రజని మిక్కుటమగుటచే దానికి రెండింతలు ఎండుటాకులు, గడ్డి కలుపవలెను. లేనియెడల ఆ నత్రజని ఘాటైన అమ్మోనియా వాయువై పోవును. వరియూక మెల్లగ మాగును గనుక దానినే నమ్మరాదు. పొడవు, వెడల్పు, ఎత్తులలో నేదియు 3 అడుగులకు తగ్గరాదు, చిన్నకుప్ప వేడెక్కదు. గుప్పెడు తీసి పిండిన చేయి తడియవలెను గాని నీరు కారరాదు. నడుమ 55 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి 3 దినములైనను నిలువవలెను. అంచులు చల్లగానుండి ఈగపురుగు లచ్చటనే దాగును గావున, కుప్పను పలుమారు తిరుగవేసి అంచులను లోనికి ద్రోయవలెను. 1931లో ఆల్బర్టు హోవర్డు ప్రకటించిన ఇండోరు పద్ధతియందును ఈ తిరుగవేత ముఖ్యాంశము. వేడి చల్లారిన పిదప మరి రెండు మూడు మాసములు మాగనిచ్చి వాడవలెను.

తనిఖీ చేయు అధికారులు వాసననుబట్టి నిర్ణయింపరాదు. ఇనుపకడ్డీని కుప్ప నడుమకు గ్రుచ్చి కొంతసేపటికి తీసిన, అది చేత ఎక్కువసేపు పట్టరానంత వేడిగా నుండవలెను. కోళ్లు తెగులుచే మూకుమ్మడిగా చచ్చిన గూటి పెంటను మాత్రము ఎవ్వరిని కదల్పనీయక, వెంటనే పశువైద్యాధికారికి తెలుపవలెను.